కోసేవి దూరంగా, కుట్టేవి దగ్గరగా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆపరేషన్ థియేటర్లో అది ఇంకాస్త ఎక్కువ. పదకొండేళ్లుగా మా థియేటర్ సిస్టర్ నన్నెలా భరించిందో ఆవిడకే తెలియాలి. అందరూ ఆవిణ్ణి గంటల సిస్టర్ అంటారు. తుంటి కీలు లోపలికి కెమెరా పంపి పనిచేసేటప్పుడు కాలిని కట్టి లాగి ఉంచాలి, అప్పుడే కీలు కొంచెం తెరుచుకుంటుంది. రెండు గంటలు దాటితే నరాలకు ప్రమాదం. అందుకే ఆవిడ ప్రతి పావుగంటకీ టైము చెబుతుంది. నేను విసుక్కున్నా చెబుతుంది, వినిపించుకోకపోయినా చెబుతుంది.

ఆవిడకి ఇంకో పద్ధతుంది. పనిముట్లు సర్దేటప్పుడు కోసేవన్నీ బల్లకి ఆ చివర, కుట్టేవన్నీ నా చేతి దగ్గర పెడుతుంది. ఎందుకలాగని కొత్తలో అడిగాను. చేతికి ఏది ముందు అందితే దాంతోనే పని కానిచ్చేస్తారు కదండీ అని మొహం మీదే చెప్పేసింది. రోషం వచ్చింది.

ఒకరోజు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ ఒకతను ఆపరేషన్‌కి వచ్చాడు. మోకాలు పైకెత్తితే చాలు, తుంటిలో పోటు. స్తంభం ఎక్కడం మానేసి ఆఫీసులో కూర్చోమంటే తనకి పిచ్చెక్కుతుందని ముందురోజే చెప్పాడు. కీలు గిన్నె చుట్టూ మెత్తటి అంచు ఒకటుంటుంది, కుక్కర్ మూతకి వాషర్‌లాగా. అతనికి అది చిరిగింది. చిరిగినదాన్ని చెక్కి తీసేయడం పది నిమిషాల పని. నొప్పీ తగ్గొచ్చు. కానీ తీసేసిన అంచు మళ్లీ మొలవదు, అది లేని కీలు తొందరగా అరిగే ప్రమాదముంది. కుట్టి నిలబెడితేనే అతని స్తంభాలు అతనికి దక్కుతాయి.

కుట్టడానికే మొదలుపెట్టాను. మొదటి కుట్టు జారింది. రెండోసారీ జారింది. చెమటలు పట్టాయి. షేవర్ ఇవ్వమన్నాను, అంటే చెక్కేసే పనిముట్టు. చాచిన చేతిలోకి ఏమీ రాలేదు.

"గంటా నలభై ఐదయింది, డాక్టర్ గారూ. కాలు వదిలేద్దాం. ఓ ఇరవై నిమిషాలు ఊపిరి పీల్చుకోనిచ్చి, మళ్లీ లాగి కుడదాం," అంది.

ఆ మాట నాకు తెలియంది కాదు. తెలిసీ తట్టకపోవడమే అవమానం. నలుగురిలో తల కొట్టేసినట్టయింది, ఒళ్లు మండింది. షేవర్ మళ్లీ అడిగాను. ఆవిడ దాన్ని తీసి చేత్తో పట్టుకుంది.

"మీరు ఇమ్మంటే ఇస్తాను. కానీ అంచు బాగానే ఉంది కదండీ."

కెమెరా తెర వైపు చూశాను. నిజంగానే బాగుంది. చెడింది నా ఓపిక ఒక్కటే.

కాలు వదిలించాను. ఆ ఇరవై నిమిషాలూ మత్తు డాక్టరు పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మూడు కుట్లూ అరగంటలో పడ్డాయి. లోపలికి దారి కోసం తెరిచిన కీలు పొరని కూడా కుట్టి మూశాను. బయటికొచ్చి, ఎంత జాగ్రత్తగా చేశానో లైన్‌మన్ తల్లికి గొప్పగా చెప్పుకున్నాను. సిస్టర్ ఊసే ఎత్తలేదు.

ఏడు నెలల తర్వాత అతను వచ్చాడు. మళ్లీ స్తంభాలెక్కుతున్నాడట. నా రెండు చేతులూ పట్టుకుని, మీ మేలు మర్చిపోలేనన్నాడు. ఆ మాట పుచ్చుకోవడానికి మనసొప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, పనిముట్లు కడిగే గదికి తీసుకెళ్లాను.

ఆవిడ అతన్ని గుర్తుపట్టలేదు. ఎడమ తుంటి, గంటా నలభై ఐదు అన్నాక గుర్తొచ్చింది.

"ఆ రోజు మీరు ఆపకపోతే కోసేసేవాణ్ణి, సిస్టర్. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది," అన్నాను. అతను చేతులు జోడించాడు. ఆవిడ అదేదీ పట్టించుకున్నట్టు లేదు, అతని కాళ్ల వైపే చూస్తోంది.

"నా దగ్గరికి అందరూ పడుకునే వస్తారు, పడుకునే వెళ్తారు. ముప్పై ఏళ్లలో ఒక్కరు నడవడం కూడా నేను చూళ్లేదు," అంది.

అతను వరండా చివరిదాకా నడిచి వెనక్కొచ్చాడు. ఆవిడ తడి చేతులతోనే గుమ్మం పట్టుకుని చూసింది.

"ఇంకొక్కసారి నడుస్తావా, నాయనా?" అంది.