ఆటోనగర్ సుత్తి దించిన పూట

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఇంజన్ మొరాయించే ముందు దాని చప్పుడు మారుతుంది కాబట్టి, ఆ మార్పును పసిగట్టడం కంప్యూటర్‌కు నేర్పితే లారీలు నడిరోడ్డు మీద ఆగిపోవన్నది ఒకటి. ఈ మాట చెవినబడగానే దేశంలోని ప్రొఫెసర్లందరూ నా కోసం గుమ్మాల్లో నిలబడతారన్నది రెండోది. (రెండోది తొందరగానే సడలింది.) ఎంటెక్ అయ్యాక పెట్టిన దరఖాస్తులన్నీ తిరుగుటపాలో వచ్చేయగా, ఆఖరికి ఒక్క సంస్థ ఇంటర్వ్యూకు పిలిచింది. ఫెలోషిప్ ఇచ్చి పీహెచ్‌డీ చేయిస్తారట. అది వస్తేనే నాకు పై చదువు. "చదువుకున్నందుకు వాళ్ళే నెలనెలా జీతమిస్తారా? ఎక్కడో మెలికుందమ్మా, చూసుకో," అన్నారు మా నాన్న. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే మనిషి. చవగ్గా వచ్చిన స్పేర్‌పార్టును చూసినట్టే నా ఫెలోషిప్‌నూ చూశారు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. ఇంట్లో నెట్ అంతంతమాత్రం, నాన్న షెడ్డు వెనకగదిలో మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. "అక్కడ గోల కదా నాన్నా!" అని బెంగపడ్డాను. "ఆ సంగతి నాకొదిలెయ్," అన్నారు. మర్నాడు పొద్దున నేను లాప్‌టాప్ తెరవగానే, పక్క షెడ్డులో లారీ సొట్టలు తీసే బాబాయి సుత్తి ఆగింది. గ్రైండర్లు ఆగాయి. ఆటోనగర్‌లో కాకి అరుపు వినడం నాకదే మొదటిసారి. నాన్న షెడ్డుషెడ్డుకీ వెళ్ళి, "మా అమ్మాయి ఇంటర్వ్యూ అండీ, కాసేపు పని ఆపండి," అని అడిగారట.

ప్రశ్నలు బాగానే సాగాయి. అంతలో కళ్ళజోడు ప్రొఫెసర్ గారొకరు, "చుట్టూ ఎంత రొద ఉన్నా మీ ప్రోగ్రాం ఇంజన్‌లో లోపం పట్టేస్తుందని రాశారు. ఉన్నది ఆటోనగర్‌లోనేనన్నారు కదా, చూపించండి. అన్నట్టు, ఆ రొదేదీ?" అన్నారు.

లాప్‌టాప్ చేతబట్టుకుని బయటికి పరుగెత్తాను. మా షెడ్ల లైనంతా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వెనక వీధి టైర్ల మామయ్య పూలదండతో వచ్చి, "ఎవరమ్మా పోయిందీ?" అన్నాడు గుసగుసగా. (పట్టపగలు లైనంతా సుత్తి దించితే మా దగ్గర దానికొకటే అర్థం.)

"ఎవరూ పోలేదు మామయ్యా! నా సీటు పోయేలా ఉంది! నాన్నా, అందర్నీ పని మొదలెట్టమను!"

"నిన్న వద్దన్నావుగా?"

"ఇప్పుడు కావాలి!"

నాన్న చెయ్యెత్తారు. అంతే. సొట్టల బాబాయి సొట్ట లేనిచోట కూడా బాదాడు. మామయ్య దండ భుజానేసుకుని, ఎవరిదో లారీ ఎక్కి హారన్ అదేపనిగా నొక్కాడు. ఆ హోరులో నాన్న రిపేరుకొచ్చిన ఇంజన్ స్టార్ట్ చేస్తే, నా ప్రోగ్రాం తడుముకోకుండా మూడో సిలిండర్లో తేడా ఉందని చూపించింది. నాన్న ఇంజన్ ఆపి, అక్కడ డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ విప్పి, మసిచేతుల్తోనే కెమెరాకు చూపిస్తూ, "చూడండి సార్, పాడైంది ఇదే! మా అమ్మాయి చెప్పిందే కరెక్టండీ!" అని అరిచారు. ప్రొఫెసర్ గారు నవ్వుతూ, "నమ్మాం, నమ్మాం. ఇక ఆపమనండి," అన్నారు. ఆపడం మాత్రం నాన్న తరం కూడా కాలేదు.

సీటొచ్చింది, ఫెలోషిప్‌తో సహా. ఆ దండను అమ్మ నా దరిదాపులకు రానివ్వకపోతే, నాన్న దాన్ని ఇంజన్‌కు వేసి లైనంతటికీ మిఠాయి పంచారు.

ఇప్పుడు నేను పనిచేసే ల్యాబులో, బయటి చప్పుడు చొరబడని గది ఒకటుంది. అందులోకి వెళ్ళినప్పుడల్లా, గోలకు బెంగపడి, గోల లేదని కంగారుపడిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ నిశ్శబ్దానికి చెవులు గింగురుమంటున్నాయంటారు. నాకు మాత్రం అక్కడ, బయట లైనంతా నా కోసం పనాపి నిలబడే ఉన్నట్టుంటుంది.