ఐదో ఫోను

మా మామగారి మిద్దెలో నా ఫోనుకు సిగ్నల్ అందే చోటు ఒక్కటే, పైన నీళ్ల ట్యాంకు పక్కన. కాస్త ఇటు జరిగితే ఒక గీత, అటు జరిగితే అదీ లేదు. కోయిలకుంట్లలో పాత రాతి మిద్దెలన్నీ ఇంతే. మూరెడు మందం గోడలు, పైన నాపరాళ్లు. ఎండ తగలకూడదని పెద్దలు కట్టుకున్నారు. ఎండ సంగతేమో గానీ, నా ఫోనును మాత్రం బాగా ఆపాయి. రెండేళ్లపాటు ఒక్క వీడియో చూడాలన్నా, మా అన్నతో నాలుగు మాటలు మాట్లాడాలన్నా మెట్లెక్కాను. నేను ఎక్కిన ప్రతిసారీ కింద ఇనప్పెట్టె గదిలో వైఫై డబ్బా పచ్చ దీపాలు వెలిగించుకుని కూచునే ఉంది. ఇంట్లో అందరికీ తెలుసు. నాకొక్కడికే తెలియదు.

నేను ఈ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుణ్ని. మాది నందికొట్కూరు. అక్కడ మా అన్నకు కిరాణా అంగడి ఉంది. నాకు పెళ్లి కుదిరేనాటికి మా మామకు గుండెజబ్బు, ఆయన కొడుక్కు ఏడేళ్లు. "పిల్లోడు ఎదిగేదాంక మీరొచ్చి మా అంగట్లో కూచోండప్పా, ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాడు. వచ్చి కూచున్నాను. మా బామ్మర్దిని సైకిలు ముందు కమ్మీ మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయింది నేను. కందిపప్పు దోసిట్లోకి తీసుకుని పాతదో కొత్తదో వాసన పట్టి చెప్పడం నేర్పింది నేను. వాడు ఎదిగాడు, అంగడి చేతికి తీసుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. నా 'ఆ తర్వాత' మాత్రం రానే లేదు.

మర్యాదకు లోటు లేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? పండక్కి మొదటి కొత్త బట్టలు నాకే. విస్తట్లో మొదటి నెయ్యి నాకే. కానీ ఈ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇనప్పెట్టె గదిలోకి ఈ ఇంటిపేరున్న మగవాళ్లే పోవాలి. దీపావళి సాయంత్రం మామా, బామ్మర్దీ లోపల లక్ష్మీపూజ చేస్తుంటే నేను గడప బయట కొబ్బరిచిప్పల పళ్లెం పట్టుకుని నిలబడతాను. లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి పళ్లెం అందుకుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఒక్క దీపావళి తప్పకుండా అట్లాగే నిలబడ్డాను. మొదట్లో నవ్వులాటగా ఉండేది. తర్వాత తర్వాత ఒళ్లు మండేది. ఆచారం కదా, నోరెత్తితే నేనే చెడ్డవాణ్ని.

రెండేళ్ల కింద బామ్మర్ది మిద్దె ముందువైపున్న మా అంగట్లో బిల్లుల కంప్యూటరు పెట్టించాడు. దాంతోపాటు ఒక కెమెరా. ఆ కెమెరా సరిగ్గా నేను కూచునే గద్దె వైపే చూస్తుంది. దొంగల కోసమన్నాడు. దొంగలు వాకిట్లో నుంచి వస్తారు కదరా అని అడగబోయి ఊరుకున్నాను. ఆ వారంలోనే తీగ లాగి నెట్టు కూడా పెట్టించారు. నేను ఆశగా ఫోను తీసి చూశాను. ఎదురుగా ఉన్న మందుల అంగడి పేరు కనపడింది. పక్కింటి వకీలు పేరు, వెనకింటి మేష్టరు పేరు, ఒక్కోదానికి ఒక్కో తాళం బొమ్మ. మాది మాత్రం లేదు.

"ఏమప్పా, మన వైఫై పేరు యాడా కనపడలేదే?" అని బామ్మర్దిని అడిగాను.

"అది కంప్యూటరుకు వైరుతో వచ్చేది బావా. ఫోన్లకు రాదు. మీకేంటికి ఆ తలనొప్పి?"

చిన్నప్పుడు వాడు నన్ను 'నువ్వు' అనేవాడు. సైకిలు కమ్మీ మీద నుంచి నా గడ్డం పట్టుకుని లాగేవాడు. అంగడి చేతికొచ్చాకే 'మీరు' మొదలుపెట్టాడు. ఆ మర్యాద మొదలైన రోజే నాకు బుద్ధి వచ్చి ఉండాల్సింది. రాలేదు. వాడి మాట నమ్మి మెట్లెక్కాను.

ఇంకో సంగతి చెప్తే నన్ను చూసి నవ్వుతారు, నవ్వండి. మా ఆవిడ వంటింట్లో పప్పు ఉడికేలోపు ఫోన్లో సీరియలు ఒక భాగం చూసేసేది. బొమ్మ ఆగేది కాదు, తెగేది కాదు. "నీకెట్లా వస్తాందే?" అంటే, "నా సిమ్ము మంచిది," అంది. సరేనని ఆధార్ కార్డు పట్టుకుపోయి, వేలిముద్ర వేసి, వారం రోజులు కాచుకుని నేనూ ఆ కంపెనీకే మారాను. ఏం లాభం? మళ్లీ అదే ట్యాంకు, అదే ఒక గీత. "మీ ఫోను పాతదయిందేమో," అంది. కొత్త ఫోను కొన్నాను. కొత్త ఫోనుతో పాత మెట్లెక్కాను.

ఇవన్నీ పడ్డాను, పడేవాణ్నే. కానీ పోయిన ఎండాకాలంలో సంగతి నా బిడ్డ దాకా వచ్చింది.

మాకు ఒక్కతే కూతురు. కర్నూలులో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం, సెలవులకు ఇంటికొచ్చింది. ఒక కంపెనీ వాళ్లు ఫోన్లో వీడియో ఇంటర్వ్యూ పెట్టారు. రెండింటి ఎండలో మిద్దె మీద ట్యాంకు పక్కన కుర్చీ వేశాను. పిల్ల కూచుంది, నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. కాళ్ల కింద నాపరాళ్లు పెనంలా కాలుతున్నాయి. పిల్ల చక్కగానే మొదలుపెట్టింది. నాలుగు మాటలు పోతే ఐదో మాట పోలేదు. అవతలాయన పాపం మంచివాడే. "మీ మాట తెగిపోతోందమ్మా," అని మూడుసార్లు చెప్పి, ఆఖరికి ఫోను పెట్టేశాడు. ఉద్యోగం రాలేదు. "ఏం కాదులే నాన్నా," అని కిందికి పోయి శానాసేపు మొహం కడుక్కుంటూనే ఉంది. నేను మెట్ల మీద కూచుని ఆ నీళ్ల చప్పుడు వింటూ ఉండిపోయాను.

ఇంకో కంపెనీ వచ్చే బుధవారం పదకొండింటికి పిలిచింది. "ఇదీ పోతే ఈ ఏడాది మా కాలేజీకి ఇంగెవరూ రారు నాన్నా," అంది. హాస్టలు మూసేశారు, కర్నూలులో ఉండే దారి లేదు. అంగట్లో కంప్యూటరుకు మొహం చూపించే కెమెరా లేదు. బజారులో నెట్ సెంటరు ఉంది గానీ అక్కడ పక్కవాడి మాట మనకే వినపడదు, ఇంక వాళ్లకేం వినపడుతుంది? పక్కింటి వకీలును అడుగుతానంటే మామ ఒప్పుకోలేదు. "మన పరువేం గావాలప్పా?" అన్నాడు.

సోమవారం పొద్దున నెట్టు బాగుచేసే మనిషి అంగడికొచ్చాడు. బామ్మర్ది సరుకుకు నంద్యాల పోయున్నాడు.

"నెట్టు ఇప్పుడెట్లుండాది సార్? ఆగిపోతాందని మీ వాళ్లు ఫోన్ చేసినారు."

"కంప్యూటరుకు బాగానే వస్తాంది. ఫోన్లకు రాదంట కదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తన ఫోన్లో ఏదో తెరిచాడు. "ఎందుకు రాదు సార్? ఐదు ఫోన్లు కలిసే ఉండాయి. ఒక కంప్యూటరు, ఒక కెమెరా వేరే. పేరు పైకి కనపడకుండా దాచినారు, అంతే. పేరు తెలిసినోళ్లు దాన్ని ఫోన్లో కొట్టి, పాస్‌వర్డు కొడితే కలుస్తాది. మీకు తెలీదా?"

తల కొట్టేసినట్టయింది. "నాకు తెలుసు, మర్చిపోయినా," అన్నాను. పరాయివాడి ముందు ఇంకేమనాలి? ఆయన పోయాక వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాను. మామది ఒకటి, అత్తది ఒకటి, బామ్మర్దిది, వాడి పెళ్లాంది. నాలుగు. ఐదోది బామ్మర్ది పాత ఫోను అయ్యుంటుందనుకున్నాను.

మధ్యాహ్నం వాడు రాగానే మామ ముందే అడిగేశాను. గొంతు లేచింది, లేవనీ అనుకున్నాను.

"వైరుతోనే వస్తాదంటివి కదప్పా. మరి ఐదు ఫోన్లకు ఎట్లా వస్తాంది?"

బామ్మర్ది తల వంచుకున్నాడు. జవాబు మామ చెప్పాడు. నింపాదిగా, వక్క నములుతూ. "అది అంగడి గుట్టప్పా. రేట్లన్నీ ఆ కంప్యూటర్లోనే ఉండాయి. మీ అన్నదీ ఇదే యాపారం. మీరు చెప్తారని నేననడంలా. మీ ఫోను దాంట్లో కలిసిందంటే అన్నీ దాంట్లోకి పోతాయంట కదా, అట్లా నందికొట్కూరుకు పోతాయని భయం."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "ఆ రేట్లు పొద్దున లేచి గిరాకీలకు చెప్పేది ఎవరు మామా? నేనే కదా! అవన్నీ నా నోట్లో ఉండాయి. నా ఫోన్లోకి పోతే భయమా?"

మామ లోపలికి తిరిగి, "అల్లునికి మజ్జిగ తీసకరాండమ్మా," అన్నాడు. అదే ఈ ఇంటి జవాబు.

మజ్జిగ ముట్టలేదు. "నన్ను వదిలేయండి. పిల్లకు ఇంటర్వ్యూ ఉండాది. దాని ఫోనుకన్నా పెట్టియ్యండి," అన్నాను. అడుక్కున్నాను, ఆ మాటే వాడాలి.

"ఆయమ్మిదీ మీ ఇంటిపేరే కదప్పా," అన్నాడు మామ.

సొంత మనవరాలు. ఆయన తొడ మీద కూచుని పలక మీద అక్షరాలు దిద్దిన పిల్ల. ఆ మాట విన్నాక ఆ పూట నేను అంగట్లోకి పోలేదు. పోయుంటే గిరాకీల మీద అరిచేవాణ్ని.

బుధవారం పదిన్నరకు పిల్ల తయారైంది. మంచి చుడీదారు వేసుకుంది. నేను గొడుగు తీసుకున్నాను, కుర్చీ ఎత్తుకున్నాను. మెట్ల దగ్గర మా ఆవిడ అడ్డంగా వచ్చి నిలబడింది. పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని మా గదిలోకి పోయింది. వెనకే పోయాను.

వైఫై పేర్ల వరుస కిందికి జరిపింది. మందులంగడి, వకీలు, మేష్టరు అందరూ పైకి పోయారు. అన్నిటికన్నా అడుగున కూడిక గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కింది. పేరు రాయమని ఒక ఖాళీ గడి, పాస్‌వర్డుకు ఇంకో గడి వచ్చాయి. రోజూ ముగ్గు వేసే వేళ్లలా చకచకా కొట్టేసింది, ఒక్క అక్షరం తడుముకోలేదు. నేను చూడటానికి ముందుకు వంగాను. ఆమె ఎడమ చెయ్యి గబుక్కున వచ్చి తెర మీద అడ్డంగా నిలిచింది. నాకు అడ్డంగా!

ఫోను కలిసింది. ఐదోది ఎవరిదో తెలిసింది.

"నువ్వు కూడానా?" అన్నాను.

"నాయన నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకున్నాడు. నేనేం చేసేది?"

"నేను సిమ్ము మార్చినానే. కొత్త ఫోను కొంటినే. అప్పుడన్నా చెప్పకూడదా?"

"మార్చమని నేనన్నానా?" అంది. అని కళ్లు తుడుచుకుంది. ఆ కళ్లు చూసి జాలిపడాలో కోప్పడాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఇరవై మూడేళ్లు ఒకే కంచంలో తిన్న మనిషి.

పిల్ల గది తలుపు వేసుకుంది. నేను బయట గడప దగ్గర కూచున్నాను. ముప్పావుగంట మాట్లాడింది. ఒక్క మాట తెగలేదు. మధ్యలో నవ్వింది కూడా. తలుపు తీసుకుని వచ్చినప్పుడు దాని మొహం చూసి నా కడుపు నిండింది, అబద్ధం చెప్పను. పది రోజులకు ఉద్యోగం వచ్చిందని కబురు వచ్చింది. బెంగళూరులో. మామ వీధంతా మిఠాయి పంచాడు. "మా మనవరాలు" అని చెప్పుకున్నాడు. ఇంటిపేరు గుర్తుకు రాలేదు ఆ రోజు.

ఆ సాయంత్రమే పిల్ల దగ్గర కూచుని నా ఫోను ముందుకు జరిపాను. "దీనికీ కలపమ్మా. ఆ పేరేందో చెప్పు."

పిల్ల ఫోను తీసుకోలేదు. వంటింటి వైపు చూసింది. "అమ్మ నాతోనూ ఒట్టేయించుకుంది నాన్నా," అంది. మెల్లగా, తప్పు చేసినట్టు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. ఇరవై ఒక్కేళ్ల పిల్లను ఏమనగలను?

ఇప్పుడది ప్రతి ఆదివారం బెంగళూరు నుంచి వీడియోలో మాట్లాడుతుంది. ముందు కింద వాళ్లమ్మతో, తాతతో, అవ్వతో. వాళ్ల నవ్వులు మెట్ల దాకా వినపడతాయి. తర్వాత నాకు చేస్తుంది. నేను అప్పటికే ట్యాంకు పక్కన నిలబడి ఉంటాను.

పోయిన ఆదివారం దాని మొహంలో ఏదో ఉంది. "నాన్నా, ఈడ గదిలో నేనొక్కదాన్నే ఉండా. ఆ పేరు, పాస్‌వర్డు చెప్తా, రాసుకో. ఒట్టు సంగతి నేను చూసుకుంటాలే," అంది.

రెండేళ్లు నాకు దాచిన పేరు. నా పెళ్లాం అరచేత్తో మూసిన పేరు. ఒక్క మాటలో వచ్చేసేది. రాసుకుని కిందికి పోతే చాలు, మిద్దెలో ఎక్కడ కూచున్నా బిడ్డ మొహం చక్కగా కనపడేది. కానీ అట్లా దొంగతనంగా కలుపుకుంటే వాళ్లు భయపడిన మనిషినే నేనవుతాను.

"వద్దమ్మా," అన్నాను. "వాళ్లు పిలిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంగ నాకొద్దు."

తెర మీద పిల్ల మొహం కదలకుండా నిలిచిపోయింది. నోరు సగం తెరిచి ఉంది. నేను ఫోను పైకెత్తి ట్యాంకుకు ఆ పక్కకు, ఈ పక్కకు జరిగాను.

"నాన్నా, ఏమన్నావు?" అంది చివరికి. "నీ మాట తెగిపోతాంది."