ఎల్లారెడ్డి అంతా చూసిన నోరు

మా బాలమల్లన్న ఎవరినీ సలహా అడగకుండా ఒక్క పనీ చేయడు. ఎల్లారెడ్డిలో ఆయన కుట్టు దుకాణం, నా జిరాక్సు దుకాణం పక్కపక్కనే. అందుకని రోజుకు ఇరవై సలహాలు నా వాటా. "అనిల చెల్లె, బెండకాయ కొందునా, దొండకాయ కొందునా?" అని బజారంతా అడిగి వచ్చేసరికి రెండూ అమ్ముడైపోయేవి. ఏడాదిలో సగం రోజులు వాళ్లింట్లో సొరకాయే.

అలాంటి మనిషికి దవడలో ఎముక పెరిగింది. కింది పళ్లు ఊడాయని పళ్లసెట్టు కోసం కామారెడ్డి వెళితే, నాలుక కింద అటొకటి ఇటొకటి ఎముక బుడిపెలున్నాయని డాక్టరమ్మ వినీత కనిపెట్టింది.

"వీటితో ప్రమాదం లేదు. వదిలేసినా ఏం కాదు. కానీ సెట్టు సరిగ్గా కూర్చోవాలంటే తీసేయాలి. మీరే ఆలోచించుకోండి" అంది.

మీరే ఆలోచించుకోండి! బాలమల్లన్నతో అనాల్సిన మాటేనా అది?

మర్నాటి నుంచి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లకు టేపు కంటే ముందు ఆయన నోరు కనిపించేది. నాలుక పైకెత్తి, సెల్‌ఫోను లైటు వేసుకుని, "తీపిచ్చుకుందునా, ఉంచుకుందునా?" అనేవాడు. నోరు తెరిచే ఉంటుంది కాబట్టి అది "ఈఇఉందునా, ఉంఉందునా" అని వినిపించేది.

హోటలు హనుమాండ్లు వంగి చూశాడు. "బఠాణీలంత ఉన్నయి గంతే. నిన్నేమన్న అంటున్నయా? ఉండనీయ్."

బాన్సువాడ బస్సు కండక్టరూ చూశాడు. "తీపిచ్చెయ్యే. గానీ ముందుగాల బస్సు దిగు."

బడి పంతులు జోయల్ చేతులు జోడించాడు. "నీ కోసం ప్రార్థన చేస్తనే. గా నోరు మూయన్నా!"

ఓట్లు లెక్కేస్తే తీయించుకొమ్మని నలభై ఒకటి, వద్దని నలభై ఒకటి. "నీదే ఆఖరి ఓటు చెల్లె" అన్నాడు నాతో. తీయించుకోమన్నాను. "సరే, ఇంకొకల్నడిగి చూస్త" అని వెళ్లిపోయాడు.

అంతటితో ఆగలేదు. చూసినవాళ్లందరినీ "ఏదీ, నీకున్నయేమో చూద్దాం, ఆ అను" అని పట్టుకునేవాడు. వారం తిరిగేసరికి మా వీధిలో నమస్తేకు బదులు నోళ్లు తెరుచుకుంటున్నాయి.

ఎదురింటి నర్సవ్వ బీడీలు చుట్టే ముసలామె. నెలరోజులుగా దవడకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేది. దవాఖాన మాటెత్తితే తిట్టేది. కానీ వీధంతా నోళ్లు చూసుకుంటుంటే తానొక్కతే ఎంతకాలం ఆగగలదు? "నాకున్నయేమో చూడురా" అని వచ్చి నోరు తెరిచింది. లోపల బుగ్గ మీద పుండు.

బాలమల్లన్న లైటు ఆర్పాడు. "అవ్వా, ఆపరేషనంటె నాకు కాళ్లు వణుకుతున్నయి. నువ్వు వెంబడి వస్తెనే పోత."

"ఇంత మనిషివైతివి, భయమేందిరా? పా, నేనొస్త!"

ముగ్గురం కామారెడ్డి బస్సెక్కాం. అక్కడ ఆయన మళ్లీ మొండికేశాడు. "ముందుగాల అవ్వను చూడుండ్రి మేడం. ఆమె కూసుంటెనే నేను కూసుంట." ధైర్యమంటే ఏమిటో చూపించాలని నర్సవ్వ టక్కున కుర్చీ ఎక్కింది.

విరిగిన పన్ను మొన గీసుకుని ఆ పుండు పడిందట. డాక్టరమ్మ పన్ను తీసేసి, "రెండు వారాల్లో మానకపోతే పరీక్ష చేయాలి, తప్పకుండా రావాలి" అని గట్టిగా చెప్పింది.

తరువాత నర్సవ్వను బయట బల్ల మీద కూర్చోబెట్టి, బాలమల్లన్న ఎవరినీ ఏమీ అడగకుండా కుర్చీ ఎక్కాడు. నేను నోరెళ్లబెట్టాను.

"అన్నా, తీపిచ్చుకోవాలని ఎప్పుడనుకున్నవే?"

"మూడో దినమే అనుకున్న."

"మరి ఊరందరి నోళ్లెందుకు చూసినవు?"

"ముసలామె ఉత్త గంజి తాగి బతుకుతుండె. చూపియ్యవ్వా అంటె కొట్టొచ్చె. అందరు తెరిస్తె ఆమె తెరువదా అనుకున్న." కొంచెం సిగ్గుపడ్డాడు. "మొదటి రెండు దినాలు మాత్రం నిజంగనే అడిగిన."

నర్సవ్వ పుండు మానింది. ఆయన దవడ మానింది, సెట్టూ కుదిరింది. ఇప్పుడు బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య నర్సవ్వదే గొప్ప.

"నేను తోలుకపోకుంటె వీడు ఆపరేషన్ చేపిచ్చుకునేటోడా? నేను కూసొని చూపిస్తె అప్పుడు కూసున్నడు. ఉత్త పిరికోడు!"

ఒకరోజు నేను అసలు సంగతి చెప్పబోయాను. బాలమల్లన్న ఆగమని సైగ చేసి, కొత్త పళ్లతో దారం పటుక్కున తెంపాడు.

"నిజమే అవ్వా" అన్నాడు. "నువ్వు లేకుంటె నేనేమైపోదునో!"