చెయ్యి సాఫేనా?

వాడు మొదటిసారి దేశం తరఫున ఆడిన రోజు ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర పటాకులు కాల్చారు. నేను నా ఎరువుల దుకాణం షటరు సగం దించి లోపల కూర్చున్నాను. అడిగినవాళ్లకు తలనొప్పి అన్నాను. తలనొప్పి కాదు, కడుపుమంట. ఇప్పుడు దాచి ఏం లాభం?

చిన్నప్పుడు వాడు నాగిరెడ్డిపేట నుంచి బస్సులో వచ్చి మాతో ఆడేవాడు. నాకన్నా రెండేళ్లు చిన్న. బ్యాటు పట్టుకోవడం నేనే నేర్పాను. ఏడాది తిరక్కుండా నా బంతుల్నే రోడ్డవతల వరి మడిలోకి కొట్టేవాడు. బంతి కూడా నాకంటే జోరుగా వేసేవాడు. పైగా, "అన్నా, మంచిగ తగిలింది గదా?" అని నన్నే అడిగేవాడు. ఒళ్లు మండిపోయేది!

కామారెడ్డిలో జిల్లా జట్టు ఎంపికలు జరిగాయి. ఫాస్ట్ బౌలర్ ఒక్కడే కావాలి, మేమిద్దరం మిగిలాం. వాడి చెయ్యి మరీ వేగంగా తిరుగుతుందని, జట్టును ఎంచే సారుకు అనుమానం. నన్ను పక్కకు పిలిచి, "మీవోడే గదా, చెయ్యి సాఫేనా?" అన్నాడు. మోచెయ్యి వంచి విసిరితే మా దగ్గర 'బట్ట' అంటారు. గల్లీలో ఆ మాట పడితే ఇక వాడి వికెట్లు ఎవరూ ఒప్పుకోరు.

"బట్ట ఏస్తడు సార్," అన్నాను.

వాడి చెయ్యి తిన్నగా ఉండేది. నాకు తెలుసు.

సారు నా పేరు చెప్పే వాడి ఫాస్ట్ బౌలింగ్ మాన్పించి, బ్యాటింగ్ కోసం జట్టులో ఉంచుకున్నాడు. నేను రెండు మ్యాచ్‌లాడి ఇంటికొచ్చాను. వాడు ఏడ్చి ఏడ్చి స్పిన్ పట్టాడు. ఆ స్పిన్నే వాణ్ని ఆల్‌రౌండర్‌ను చేసి దేశం జట్టు దాకా తీసుకుపోయింది. చూశారా నా ఖర్మ! చెడగొడదామని నేనన్న మాటే వాడికి కలిసొచ్చింది.

కొన్నేళ్లకు వాణ్ని జట్టులోంచి తీసేశారు. ఆ రోజు సంతోషంతో వరసగా రెండు చాయ్‌లు తాగాను. ఆ సంతోషమూ నిలవలేదు. ఇంగ్లండు వెళ్లి అక్కడ ఒక కౌంటీ జట్టుకు ఆడటం మొదలుపెట్టాడు. యూరియా బస్తాల మధ్య కూర్చుని ఫోనులో వాడి ఫొటోలు పెద్దవి చేసి చూసేవాణ్ని, జుట్టేమైనా ఊడిందా అని. ఊడలేదు.

మొన్న మధ్యాహ్నం వాడే ఫోను చేశాడు.

"అన్నా, ఈడ అంపైర్లు నా బౌలింగ్ మీద రిపోర్టు రాసిండ్రు. చెయ్యి వంగుతున్నదట. వచ్చే వారం పరీక్ష. ఫెయిలైతే కాంట్రాక్టు పోతది, ఈ వయసుల నన్ను ఇంకెవలు తీసుకుంటరు? అప్పుడు అందరికన్న ముందు పట్టింది నువ్వే గదా. వీడియో పంపిన, జర చూడు. నువ్వు చెప్తే నమ్ముత."

పదిసార్లు చూశాను. మోచెయ్యి ఎక్కడా వంగలేదు. 'వంగుతోంది' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట చాలు, వాడు భయంతో బంతి వేయడమే మర్చిపోతాడు.

తిరిగి ఫోను చేశాను.

"సాఫే ఉన్నదిరా," అన్నాను. గుండె చిక్కబట్టుకుని, "అప్పుడు గూడ సాఫే ఉండె. నేనే అబద్ధమాడిన," అన్నాను.

అప్పటికే అవతల కేక. "సాఫేనట! అన్న చెప్పిండు!" అని ఇంట్లోవాళ్లకు చెబుతున్నాడు. వాడి భార్య నవ్వు వినిపించింది. కాసేపటికి మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"ఇంకేందో అంటుంటివి, ఏందన్నా?"

"ఏం లేదు. మంచిగ ఆడు," అన్నాను.