దొరగారికి నేనిచ్చిన బిరుదు

ఆ రోజుల్లో చదువుకున్నవాడికంటే చదువు కొత్తగా అబ్బినవాడికే పొగరెక్కువ. నాకు ఇరవై రెండో ఏట అక్షరాలొచ్చాయి (మీసాలు అంతకు ముందే వచ్చాయి లెండి). పెదపాడు పంతులుగారు పాత పేపర్లిచ్చి చదివించేవారు. సముద్రాల అవతల ఒకాయన చెయ్యెత్తితే దేశం దేశమంతా లేచి నిలబడుతోందనీ, ఆయన ‘నిరంకుశ ప్రభువు’ అనీ ఒక దాంట్లో ఉంది. అంతమందిని నిలబెట్టేవాడి బిరుదు చిన్నదెలా అవుతుంది? అర్థం అడక్కుండానే దాచుకున్నాను.

ఆ ఏడు ఒక భూస్వామి మా కొల్లేటి పేట పక్క కాలవ మూతికి అడ్డంగా దడి కట్టించేశాడు. చేపలు పడే వెదురు బుట్టలు, అదే మావులు, పెట్టుకునే చోటు అదొక్కటే. అది పోతే నలభై కొంపల్లో పొయ్యి వెలగదు. ఏలూరులో ఒక అధికారి మకాం చేశాడని తెలిసి నన్ను అర్జీ రాయమన్నారు. మా పెదనాన్న పక్కనే చతికిలబడి, “ఒరేయ్, పిలుపు ఘనంగా ఉండాల్రా. కిందటిసారి ఉత్తి మహారాజశ్రీ అన్నాం, బుట్టలో పడేశారు” అన్నాడు. ఇంకేం, ‘నిరంకుశ ప్రభువులైన దొరగారి దివ్య సముఖమునకు’ అని మొదలెట్టాను.

మకాం దగ్గర గుమాస్తా మొదటి ముక్క చూసి గతుక్కుమన్నాడు. “ఇది రాసిందెవరయ్యా?”

“నేనేనండి.”

“అంకుశమంటే తెలుసా?”

“మావటివాడు ఏనుగుని పొడిచేదండి.”

“అది లేని ఏనుగు నిరంకుశం. అడ్డూ ఆపూ లేక జనాన్ని తొక్కేసే రాజుని అలా తిడతారు. జైల్లో తోయిస్తారు, చించెయ్!”

చించేలోపే లోపల గంట మోగింది. జవాను వచ్చి కాగితం పట్టుకుపోయాడు. “నలభై కొంపలూ ముంచావు కదరా” అని పెదనాన్న తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

అంతలో గుమాస్తాతో పాటు మమ్మల్నీ లోపలికి పిలిచారు. దొరగారు (తెలుగువారే, చదువు మాత్రం ఇంగ్లీషులో) పైకి చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. కుర్చీలో వెనక్కి వాలి, “చూశావటయ్యా గుమాస్తా, ఈ చేపలు పట్టుకునేవాళ్లకున్న మర్యాద మీకేదీ? రేపట్నించి నాకొచ్చే కాగితాలన్నిటికీ ఇలాగే రాయించు. ఆ దడి పీకించెయ్” అని సంతకం పెట్టేశారు. గుమాస్తా “చిత్తం” అన్నాడు. ఆ బిరుదు అర్థం అతని నోటా రాలేదు, మా నోటా రాలేదు.

దడి ఊడింది. పేటలో నన్ను భుజాలమీద మోశారు. ఆ తరవాత ఎంతోమంది దొరలకి అర్జీలు రాశాను. స్వతంత్రం వచ్చి మనవాళ్లే దొరలయ్యాక కూడా రాశాను. ఆ బిరుదుకి అన్నివిధాలా తగినవాళ్లు వాళ్లలో బోలెడుమంది. అయినా అర్థం తెలిశాక ఒక్కరికీ రాయడానికి చెయ్యి రాలేదు, మహారాజశ్రీతోనే సరిపెట్టాను. ఏమీ తెలియక అంత నిజం మొహానే రాసేసిన ఆ ఇరవై రెండేళ్ల వెధవని తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ఈర్ష్య కూడానండి.