ఉల్లిపాయ వేయని గారెలు

శివపార్వతి గొంతు పెగలాలంటే ఎదురుగా వాళ్ల నాన్న ఉండాలి. వెంకటప్పయ్య గారికి రైసుమిల్లు మోతకు చెవులు మందగించాయి. ఆయనతో ఆమె మాట్లాడితే వీధి చివరిదాకా వినబడేది. ఆయన పోయాక ఆ గొంతూ పోయింది. ఇబ్రహీంపట్నం దగ్గర ఓ హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు ఆమె. ఏం చెప్పినా మొదటి బెంచీ దాటదు. అందుకే ఏళ్ల తరబడి ఎనిమిదో తరగతి దగ్గరే ఉంచేశారు. ఆమెకేమో పదో తరగతి చెప్పాలని ప్రాణం. ఆఫీసరు ముందు డెమో క్లాసు బాగా చెబితే ఇస్తానని హెడ్మాస్టరు మాణిక్యం గారు మాటిచ్చారు.

పాఠం భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలు. సూర్యుడి నుంచీ, అంతరిక్షం నుంచీ దూసుకొచ్చే కణాల్లో కొన్నిటిని భూమి అయస్కాంత క్షేత్రం పట్టేసుకుంటుంది. అవి ఉత్తరానికీ దక్షిణానికీ పరుగులు పెడుతూ, భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. లోపల ఒక వలయం, బయట ఇంకొకటి, నడుమ కాస్త ఖాళీ. థర్మాకోల్‌తో ముచ్చటగా చేసి అటక మీద పెడితే, ఆ రాత్రే ఎలుకలు రెండిటినీ కొరికి పోశాయి.

గుండ్రంగా, మధ్యలో చిల్లుతో ఉండేది తెల్లారేసరికి ఎక్కడ దొరుకుతుంది? ఇడ్లీకి నానబెట్టిన మినప్పప్పు గట్టిగా రుబ్బి ఒక చిన్న గారె, మూకుడంత పెద్ద గారె వేసింది. ముక్కలు తగిలితే పెద్దది విరుగుతుందని ఉల్లిపాయ వేయలేదు. పిల్లల కోసం మరికొన్ని వేసి, నూనె వాసన పోవాలని తలస్నానం చేసి, తడిజుట్టుతోనే బడికి పరుగెత్తింది.

స్టాఫ్‌రూంలో తెలుగు టీచరు శ్రీదుర్గ ఓ గారె కొరికింది. ఉల్లిపాయ తగల్లేదు. తడిజుట్టు చూసింది. ఉల్లిపాయ వేయనివి తద్దినం గారెలే కదా. మిగిలిన సగం మెల్లగా పక్కన పెట్టి వెళ్లి మాణిక్యం గారి చెవిన వేసింది. ఆయన మనసు వెన్న. ఇలాంటి రోజున బడికి రావడమేమిటమ్మా, డెమో ఇంకొకరు చెబుతారులే, ఇంటికి వెళ్లమన్నారు. శివపార్వతి కాదండీ కాదండీ అంటూనే ఉంది, ఎవరికీ వినబడలేదు. అందరి మొహాల్లోనూ జాలి. అప్పుడే గేట్లోకి ఆఫీసరు కారు వచ్చింది.

"తద్దినం కాదండీ! రేడియేషన్ వలయాలండీ ఇవి!"

నాన్నతో మాట్లాడే గొంతు అది. గేటు దాకా వినబడింది. కారు దిగుతున్న ఆఫీసరు నవ్వాపుకుని, అయితే పదండి, ఆ వలయాలేవో చూద్దామన్నారు.

నిమ్మకాయ భూమి, దాని చుట్టూ చిన్న గారె, ఆ చుట్టూ పెద్ద గారె. నిజానికి వలయాలు ఇంకా దూరంగా ఉండాలని ఆమెకూ తెలుసు, మూకుడు ఒప్పుకోలేదు. చంద్రుడి మీదికి వెళ్లినవాళ్లు వీటిలోంచి ఆగకుండా దూసుకుపోయారని చెబితే వెనక బెంచీ కూడా నోరు తెరిచి వింది. గంట కొట్టేలోపు పిల్లలు రెండు వలయాలనూ తినేశారు.

పదో తరగతి వచ్చింది. మాఘమాసంలో ఒక పొద్దున మళ్లీ తడిజుట్టుతో, గారెల డబ్బాతో వచ్చింది. శ్రీదుర్గ ఒకటి తీసుకుని, "ఇవాళ కూడా వలయాలేనా అండీ?" అంది.

"అవునండీ," అంది శివపార్వతి. నాన్న తద్దినం ఆ రోజు. తమ్ముడు గుంటూరులో పెడుతున్నాడు, ఈమెకు సెలవు దొరకలేదు. క్లాసులోకి వెళ్లి పాఠం మొదలుపెట్టింది. నాన్నకు వినబడేంత గట్టిగా చెప్పింది.