పాపను ఎవరి చేతిలో పెట్టాను

మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు. స్కూలు వార్షికోత్సవంలో ఒక ముసలమ్మ వేషం వేసింది. నడుం వంచి, చూపు ఆననట్టు కళ్ళు చికిలించి, జనంలోకి చూస్తూ "నా కొడుకు వచ్చిండా?" అని అడిగితే ముందు వరుసలో కూర్చున్న టీచర్లు కళ్ళు తుడుచుకున్నారు. ఇంటికొచ్చేదాకా ఎవరో ఒకరు ఆగి, మీ అమ్మాయిని యాడ్స్‌లో వేయించండి అని చెబుతూనే ఉన్నారు. పాపకంటే ఆ మాటలు నాకే ఎక్కువ ఎక్కాయి.

మేము దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు, ఒక విల్లాను నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చిన చోట ఉంటాం. మా ఆయన బిల్డింగులు కట్టే సైట్ల మీద స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు, కట్టించే ఫోర్‌మన్. పక్క వాటాలో ఉండేది హైదరాబాదు ఆమె. అక్కా అన్నట్టు నేను ఆపా అని పిలుస్తాను. ఆమె కూతురు అప్పుడప్పుడు యాడ్స్‌లో కనిపించేది. అడగ్గానే ఆపా మమ్మల్ని తను నమ్మిన ఏజెన్సీకి తీసుకెళ్ళింది.

అది ఉమ్ ఘువైలినా అనే పేటలో, టైలర్ షాపు పైన ఒక చిన్న గది. ఏజెన్సీ నడిపే ఆమెది మంగుళూరు వైపు. యాభై ఏళ్ళుంటాయి, హిందీలో మాట్లాడింది. నేను ముచ్చటపడి చేయించిన ఫొటో ఆల్బమ్‌ను తెరవలేదు. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీకు ఇది చెయ్యాలని ఉందా?" అని అడిగింది. పాప నావైపు చూసింది.

"అమ్మను చూడకు. నన్ను చూసి చెప్పు."

"తెలియదు" అంది పాప.

"తెలియనప్పుడు తొందరేముంది? ఒక ఏడాది ఆగి రండి" అందామె నాతో. "వచ్చాక కూడా, షూటింగ్‌లో మీలో ఒకరు పాప పక్కనే కూర్చోవాలి. కూర్చోనివ్వని చోటికి నేను పంపను. అందుకే నా దగ్గర పని తక్కువ."

మెట్లు దిగుతుంటే నా మొహం మాడిపోయింది. "ఏంది ఆపా, గామెకు గంత పొగరు?" అన్నాను.

"పొగరు గాదమ్మా. ఆమె ఉన్నదున్నట్టు మాట్లాడ్తది. నా బిడ్డను నాలుగేండ్ల సంది పంపుతున్న, ఒక్కరోజు పరేషాన్ కాలే" అంది ఆపా.

నేను ఆ మాట వినలేదు. నా కూతురు తన కూతుర్ని మించిపోతుందని ఆపాకు లోపల కుళ్ళు ఉందేమో అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

రెండో ఏజెన్సీని నేనే ఫోన్‌లో వెతికి పట్టుకున్నాను. అద్దాల బిల్డింగ్, చల్లటి గది, గోడ నిండా నవ్వుతున్న పిల్లల ఫొటోలు. అక్కడి మేడమ్‌ది విజయవాడ వైపు. "రండి రండి, మన తెలుగువాళ్ళే! మీ పాప కళ్ళు కెమెరా కోసమే పుట్టాయండీ" అంది. మనది కాని దేశంలో మన మాట వినబడితే మనసు కరిగిపోతుంది. ఆ గోడ మీది పిల్లల తల్లుల్లో ఒక్కరితోనైనా మాట్లాడించమని అడగాలని నాకు తోచలేదు. అడిగిందల్లా ఆమే.

"పాప దేనికి భయపడుతుందండీ? దేనికి ఏడుస్తుంది? ముందే తెలిస్తే మేం జాగ్రత్తగా చూసుకుంటాం కదా."

ఎంత మంచి మనిషి అనుకుని అంతా చెప్పాను. అంతకు రెండు నెలల ముందు మా ఆయన సైట్లో ఒకతను పైనుంచి పడి చనిపోయాడు. మా జిల్లావాడే. శవపేటికతో ఎయిర్‌పోర్టు దాకా మా ఆయనే వెళ్ళొచ్చాడు. మేము మాట్లాడుకుంటుంటే పాప విన్నది. అప్పటినుంచి సాయంత్రం వాళ్ళ నాన్న దిగే కంపెనీ బస్సు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడుతోంది, పిలిచినా లోపలికి రాదు. నేను చెబుతుంటే మేడమ్ తల ఊపుతూ రాసుకుంది.

ఐదు కాగితాల అగ్రిమెంటు ఇచ్చారు, అంతా ఇంగ్లీషు. నా పక్కనే కూర్చున్న మా ఆయన నెమ్మదిగా, "ఇంటికి తీస్కపోయి ఒకసారి సదివిద్దాం" అన్నాడు.

"మన తెలుగామెనే గదా. గింత అనుమానమైతే ఎట్ల?" అని నేనే పెన్ను తీసుకున్నాను. నా సంతకం కింద ఆయన కూడా పెట్టాడు.

షూటింగ్ ఇండస్ట్రియల్ ఏరియాలో, స్టూడియోగా మార్చిన ఒక గోడౌన్లో. ఫోన్ కంపెనీ యాడ్. దూరదేశంలో ఉన్న తండ్రి కోసం ఒక పాప ఏడుస్తుంటుంది, ఫోన్ మోగుతుంది, పాప నవ్వుతుంది. అంతే. "తల్లి పక్కనుంటే పిల్లలు యాక్ట్ చెయ్యరండీ" అని మేడమ్ నన్ను మూలనున్న అద్దాల క్యాబిన్‌లో కూర్చోబెట్టింది. అంతా కనిపిస్తుంది, ఏమీ వినిపించదు.

పాప నాలుగైదుసార్లు ఏడ్చినట్టు నటించింది. డైరెక్టర్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మేడమ్ లోపలికెళ్ళి, పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పింది. చెప్పి కెమెరా వెనక్కి తప్పుకుంది.

పాప మొహం నా కళ్ళముందే మారిపోయింది. ముందు ఏడవలేదు. నోరు కొంచెం తెరుచుకుంది. తర్వాత నావైపు తిరిగింది. అద్దంలోంచి సూటిగా నన్ను చూస్తూ, కళ్ళ నిండా నీళ్ళతో ఏదో అడుగుతున్నట్టు నిలబడింది. ఎంత బాగా చేస్తోందో అని నా గుండె ఉప్పొంగింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. బొటనవేలు పైకెత్తి చూపించాను. అప్పుడు ఏడ్చింది పాప, అలా ఎప్పుడూ ఏడవలేదు.

కట్ చెప్పగానే పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, డాడీ ఏ దవాఖానల ఉన్నడు?"

"ఏ దవాఖాన బిడ్డా?"

"డాడీ పైనుంచి పడ్డడంట గదా. ఆంటీ చెప్పింది." వెక్కిళ్ళ మధ్య ఊపిరి తీసుకుని, "నువ్వెందుకు చప్పట్లు కొట్టినవ్?" అంది.

అది అబద్ధమని చెప్పాను. నమ్మలేదు. మా ఆయనకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు, అది నాకు తెలుసు. అయినా మళ్ళీ మళ్ళీ చేశాను. పాప నా చేతినే చూస్తోంది. ఒక్కొక్కసారి ఫోన్ మోగి ఆగిపోతుంటే నాకూ అనుమానం మొదలైంది. భోజనాల టైముకు ఆయనే చేశాడు. "ఏమైందే? గిన్నిసార్లు చేసినవ్?" అన్నాడు. పాప ఆ గొంతు విని కూడా, "డాడీ, మాట్లాడుతనే ఉండు" అంది. బ్రేక్ అయిపోయేదాకా ఆయన ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు.

మేడమ్ మాత్రం సంతోషంగా ఉంది. "షాట్ అద్భుతంగా వచ్చిందండీ. ఒక్క నిమిషం ఏడుపే కదా. సాయంత్రం నాన్న ఇంటికొస్తే మర్చిపోతుంది."

"నిన్ను నమ్మి చెప్పిన మాట గది" అన్నాను.

"అందుకే కదండీ ముందే అడిగేది" అంది.

నేను కంప్లైంట్ ఇస్తానంటే మా ఆయన వద్దన్నాడు. "అడుగుడు, తిరుగుడు అంతా కంపెనీ దాకా పోతది. నా వీసా మీద మీరున్నరు, నౌకరి పోతే అందరం వాపస్ పోవాలె" అన్నాడు. తర్వాత చాలాసేపు బాత్రూంలో నీళ్ళు వదిలేసి ఉండిపోయాడు.

అగ్రిమెంటు పట్టుకుని ఒక్కదాన్నే ఉమ్ ఘువైలినాకు వెళ్ళాను. మంగుళూరు ఆమె ఐదు కాగితాలూ చదివి అందులో ఉన్నది చెప్పింది. పాప ఫొటోలు, వీడియోల మీద హక్కులన్నీ ఆ ఏజెన్సీవాళ్ళవి. తల్లిదండ్రులు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది వాళ్ళే. రెండేళ్ళు ఇంకెవరి దగ్గరా పని చెయ్యకూడదు. "నేను మొదటే చెప్పాను కదా" అంటుందని తలవంచుకుని ఉన్నాను. ఆమె అనలేదు.

"పాపను క్షమించమని అడిగావా?" అని అడిగింది.

జరిగింది పాపకు వివరించాను గానీ ఆ మాట అడగలేదు. ఇంటికొచ్చి అడిగాను. హోంవర్క్ చేసుకుంటున్న పాప పెన్సిల్ ఆపి, "సరే అమ్మా" అంది. టీచర్‌కు చెప్పినట్టు చెప్పింది.

పాప స్కూలు తల్లుల వాట్సాప్ గ్రూపులో జరిగిందంతా రాశాను. ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి విన్నారు. ఒకావిడ మాత్రం, "మీ పాపకు మళ్ళీ ఛాన్స్ ఇవ్వలేదని చెప్తున్నారా?" అని అడిగింది. కోపం రాలేదు. ఆపా గురించి నేను అనుకున్నది కూడా అలాంటిదే.

యాడ్ వచ్చింది. ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో, పాలు పెట్టే చోట పైన ఉన్న టీవీలో వేశారు. నలుగురు ఆగి చూశారు. పాప తన ఏడుపు మొహాన్ని ఒకసారి చూసి, పాల డబ్బా ట్రాలీలో పెట్టి ముందుకు నడిచింది. ఆ తర్వాత స్కూల్లో ఏ వేషమూ వెయ్యలేదు. అడిగిన టీచర్లకు ఇష్టం లేదని తనే చెప్పేది.

పోయిన ఏడు మా నాన్న ఊళ్ళో చనిపోయాడు. తమ్ముడు ఫోన్ చేసి చెప్పగానే నేను వంటింట్లోనే కూలబడి ఏడ్చాను. పాపకప్పటికి పదకొండేళ్ళు. గుమ్మం దగ్గర నిలబడి నా మొహం చాలాసేపు చూసింది.

"తాత పోయిండు బిడ్డా" అన్నాను.

"నిజంగనేనా?"

అవునని తలూపాను. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని మామకు వీడియో కాల్ చేసింది. "మామా, తాతను చూపెట్టు" అంది. అవతల తమ్ముడు ఏడుస్తూ ఫోన్ తిప్పాడు. పాప కన్నార్పకుండా చూసింది. తర్వాత కాల్ ఆపి, ఫోన్ నా ఒళ్ళో పెట్టి, నా పక్కన కూర్చుంది.

"నిజమే అమ్మా" అంది.